వేడెక్కితే సెల్ఫ్ తీసుకోని కారు: లోపం ఎక్కడుందో కొలిచి పట్టుకునే పద్ధతి

పొద్దున పెరంబూరులో తాళం తిప్పగానే స్టార్టయిన కారు, రెండు గంటలు నడిచాక సూళ్లూరుపేటలో కాఫీకి ఆపి మళ్లీ తిప్పితే 'టక్' అని ఊరుకుంటుంది. లైట్లు బాగానే వెలుగుతాయి, హారన్ గట్టిగానే మోగుతుంది. ముప్పావుగంట నీడలో ఉంచితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి బండి చల్లబడి ఉంటుంది కాబట్టి ఆయన ముందు ఎన్నిసార్లు తిప్పినా తీసుకుంటుంది. చివరికి "సెల్ఫ్ మోటారు పోయినట్టుంది సార్, మార్చేద్దాం" అన్న దగ్గర వ్యవహారం తేలుతుంది.

కొత్త సెల్ఫ్ మోటారు (ఇంజన్‌ను మొదట తిప్పే ఎలక్ట్రిక్ మోటారు) వేశాక కూడా కొన్ని బండ్లలో అదే జబ్బు తిరగబెడుతుంది. లోపం మోటారులో కాక, దానికి కరెంటు తెచ్చే దారిలో ఉండటమే కారణం. మోటారు విప్పించే ముందు నాలుగు కొలతలు తీసుకోండి, అవి కూడా బండి మొరాయిస్తున్న ఆ వేడిలోనే తీసుకోండి. చల్లబడ్డాక తీసిన కొలతకు ఇక్కడ విలువ లేదు.

వేడికీ సెల్ఫ్‌కీ ఏమిటి సంబంధం

ఇంజన్ ఆపగానే నీళ్ల పంపు ఆగిపోతుంది. రేడియేటరుకు గాలి తగలదు. సిలిండర్ హెడ్డూ, ఇంజన్ పొగ బయటికి వెళ్లే మేనిఫోల్డూ పట్టుకున్న వేడి మాత్రం ఎక్కడికీ పోదు, బానెట్ కిందే తిరుగుతూ చుట్టుపక్కల వస్తువుల్లోకి దిగుతుంది. అందుకే బండి నడుస్తున్నప్పటి కంటే ఆపిన పది నిమిషాల నుంచి అరగంట మధ్యలో సెల్ఫ్ మోటారు ఎక్కువ వేడిగా ఉంటుంది. చాలా కార్లలో అది మేనిఫోల్డుకో సైలెన్సర్ పైపుకో జానెడు దూరంలోనే ఉంటుంది. ఇక రోహిణి కార్తెలో ఏసీ వేసుకుని కోయంబేడు నుంచి వడపళని దాకా పాకుతూ వచ్చిన బండి సంగతి చెప్పనక్కర్లేదు.

రాగి తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున. సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్‌ను సొలినాయిడ్ అంటారు; 35 డిగ్రీల దగ్గరున్న దాని రాగి చుట్టు 115 డిగ్రీలకు చేరిందంటే నిరోధం దాదాపు 30 శాతం పెరిగినట్టే. అదే వోల్టేజి దగ్గర కరెంటు పావువంతు దాకా తగ్గుతుంది. సొలినాయిడ్ లాగే బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బలం సుమారు 40 శాతం పడిపోతుంది. బాగున్న సర్క్యూట్ ఈ నష్టాన్ని తట్టుకుంటుంది, తయారీలోనే అంత వెసులుబాటు పెడతారు. కానీ ఇగ్నిషన్ స్విచ్‌లో ఒకటిన్నర వోల్టులు, ఎర్త్ లగ్‌లో ఇంకొంత పోతుంటే ఆ వెసులుబాటు ముందే ఖర్చయిపోయి ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు బొటాబొటిగా నెట్టుకొచ్చిన సొలినాయిడ్, వేడెక్కాక తన లోపలి ఇనుప కడ్డీని, అంటే ప్లంజరును, లాగలేక వదిలేస్తుంది.

మోటారు లోపలి కారణాలూ ఉంటాయి. అరిగిన కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు) వేడికి హోల్డర్‌లో బిగుసుకుని కమ్యుటేటరును (అవి ఆనే రాగి చక్రాన్ని) తాకవు. అరిగిన బుష్‌ల వల్ల ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) పక్కలకు రాసుకుంటుంది. ఆర్మేచర్ చుట్టులో పగిలిన అతుకు వేడికి విడిపోతుంది. ఇవన్నీ నిజమే. వీటిలో ఏదో మల్టీమీటరే చెప్పాలి.

ముందు ఇది సెల్ఫ్ సమస్యేనా?

తాళం తిప్పినప్పుడు ఇంజన్ మామూలు వేగంతో 'గిర్ర్ గిర్ర్' మని తిరుగుతూ అందుకోకపోతే సెల్ఫ్ తన పని చేసినట్టే. అది క్రాంక్ సెన్సరో (ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే సెన్సరు) ఇంధనమో, వేరే వ్యవహారం. క్రాంక్ సెన్సరు కూడా వేడికే మొరాయిస్తుంది, అందుకే జనం రెండింటినీ కలిపేస్తారు. ఇంజన్ అసలు తిరగకపోయినా, ఈడ్చుకుంటూ తిరిగినా మాత్రమే ఈ వ్యాసం మీ కోసం.

తర్వాత చెవి పెట్టి వినండి, ఇంకొకర్ని తాళం తిప్పమని మీరు బానెట్ దగ్గర నిలబడండి. అసలు చప్పుడే లేకపోతే సొలినాయిడ్‌కు ఆజ్ఞ అందడం లేదు, లేదా అందినా అది కదలడం లేదు. ఒక్క గట్టి 'టక్' వినబడి ఆగిపోతే ప్లంజరు కదిలింది, ఆ తర్వాత ఎక్కడో తెగింది. 'టకటకటక' మని వరసగా కొట్టుకుంటే వోల్టేజి పడిపోతోంది, ముందు బ్యాటరీనీ కేబుళ్లనూ అనుమానించండి. ఈడ్చుకుంటూ తిరిగితే నిరోధమైనా పెరగాలి, మోటారైనా రాసుకోవాలి. మోటారు ఒక్కటే 'జుయ్' మని తిరిగి ఇంజన్ కదలకపోతే అది బెండిక్స్ (మోటారును ఇంజన్‌కు కలిపే పళ్ల చక్రం) పని, దానికి ఈ కొలతలు అక్కర్లేదు.

చల్లగా ఉన్నప్పుడు చేయాల్సినవి

బ్యాటరీతో మొదలుపెట్టండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పావు, 12.2 అయితే సగం. 12.4 కంటే తక్కువుంటే ముందు ఛార్జి చేయించి అప్పుడు మిగతా పని చూడండి. నీరసంగా ఉన్న బ్యాటరీతో తీసిన కొలతలు మిమ్మల్ని అడ్డదారి పట్టిస్తాయి. చెన్నై ఎండకు బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది కూడా, మూడు నాలుగేళ్లు దాటినదైతే లోడ్ టెస్టు చేయించండి.

తర్వాత టెర్మినళ్లు. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలేచోట ఉండే బండ్లలో లగ్ పైన శుభ్రంగానే కనిపిస్తుంది, విప్పితే లోపల తెల్లటి, పచ్చటి పొడి ఉంటుంది. పైపైన చూసి వదిలేయకుండా విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, ఆపైన కొంచెం పెట్రోలియం జెల్లీ రాయండి. బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి ఒకటి, బాడీ నుంచి ఇంజన్‌కు ఇంకొకటి ఎర్త్ పట్టీలుంటాయి. రెండోదాన్ని జనం మర్చిపోతారు. క్లచ్ ప్లేటు పని జరిగిన బండిలో దాన్ని తిరిగి బిగించకపోవడం, పెయింటు మీద బిగించడం మామూలే.

తీగలు ముందే పైకి తెచ్చుకోండి

ఈ పని మొత్తంలో నేను అన్నిటికంటే పట్టుబట్టేది ఇదే. వేడిమీద బండి మొరాయించినప్పుడు మేనిఫోల్డు పక్కన చెయ్యి దూర్చి మీటరు పిన్ను పెట్టడం సాధ్యం కాదు, చర్మం ఊడొస్తుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడే సెల్ఫ్ దగ్గర్నుంచి సన్న తీగలు పైకి లాగి పెట్టుకోవాలి.

ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఇది తప్పనిసరి. సెల్ఫ్ మీది లావు కేబుల్‌కు ఫ్యూజు ఉండదు, స్పానరు అటు నట్టుకూ ఇటు బాడీకీ తగిలిందంటే నిప్పులు కక్కుతుంది. ఉంగరాలు, కడియాలు తీసేయండి.

సొలినాయిడ్ మీద మూడు చోట్లు గుర్తుపట్టాలి. బ్యాటరీ నుంచి లావు కేబుల్ వచ్చి చేరే పెద్ద బోల్టు ఒకటి, దాన్ని 30 నంబరు అంటారు. తాళం నుంచి సన్న తీగ వచ్చే చిన్న టెర్మినల్ రెండోది, అది 50 నంబరు. సొలినాయిడ్ నుంచి మోటారు లోపలికి పొట్టి లావు తీగ వెళ్లే బోల్టు మూడోది, దీన్ని మోటారు బోల్టు అందాం. ఈ మూడింటికీ, మోటారు బాడీకీ నాలుగు రంగుల సన్న తీగలు థింబుల్ వేసి బిగించండి. ప్రతి తీగకీ 1 ఆంపియర్ ఫ్యూజు పెట్టండి, అది మోటారు వైపు చివర్లోనే ఉండాలి. పై చివర పెడితే దారిలో తీగ కాలి షార్టయినప్పుడు ఆ ఫ్యూజు ఎందుకూ పనికిరాదు. వేడిని తట్టుకునే స్లీవు తొడిగి, బెల్టుకూ ఫ్యానుకూ మేనిఫోల్డుకూ దూరంగా టై కట్టి, ఫెండర్ పక్కకు తెచ్చి, ఏ రంగు దేనిదో చీటీ అంటించండి. బ్యాటరీ నెగటివ్ తిరిగి బిగించండి.

బండి కింద దూరితేగానీ మోటారు అందని కార్లు ఉన్నాయి. వాటికి జాకీ ఒక్కటీ నమ్ముకోకండి, ర్యాంపు ఉన్న షెడ్డులో ఈ తీగల వరకూ కట్టించుకోండి.

వేడి ఎక్కించండి

ఏసీ వేసుకుని కత్తిపార నుంచి తాంబరం దాకా జీఎస్టీ రోడ్డు మీద సాయంత్రం రద్దీలో వెళ్లి రండి. నలభై నిమిషాలు చాలు. ఎండలో ఆపి, బానెట్ మూసి ఉంచి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ఆగండి. ఈలోగా బానెట్ తెరిచి చూడకండి, వేడి పోతుంది. గేరు న్యూట్రల్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, అప్పుడు తాళం తిప్పండి. మొదటిసారికే మొరాయించకపోతే స్టార్టయిన బండిని ఆపి మళ్లీ పావుగంట ఉంచండి.

సెల్ఫ్ ఒక్కసారికి పది సెకన్లకు మించి తిప్పకూడదు, మధ్యలో అరనిమిషమైనా విరామం ఇవ్వాలి. కదలని మోటారులో కరెంటు చాలా ఎక్కువ పారుతుంది. పరీక్ష పేరుతో బాగున్న మోటారును కాల్చేయడం ఎంతో సేపటి పని కాదు.

నాలుగు కొలతలు

మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. ఒకరు తాళాన్ని స్టార్ట్ దగ్గర పట్టుకోవాలి, ఇంకొకరు చదవాలి. తాళం వదిలేశాక చదివిన అంకె పనికిరాదు. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన లగ్ కూడా 12 వోల్టులే చూపిస్తుంది.

మొదటి కొలత బ్యాటరీ రెండు పోస్టుల మధ్య. క్లాంపు మీద కాదు, సీసపు పోస్టు మీదే పిన్ను పెట్టండి. సెల్ఫ్ ఇంజన్‌ను తిప్పుతున్నప్పుడు 9.6 కంటే తగ్గకూడదు.

రెండోది బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ 50 నంబరు తీగకూ మధ్య. ఇది బ్యాటరీ వోల్టేజికి ఒక వోల్టు లోపు తేడాతో ఉండాలి.

మూడోది ఎర్త్ దారి. బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ మోటారు బాడీకీ మధ్య, 0.3 వోల్టులకు మించకూడదు.

నాలుగోది పాజిటివ్ దారి. బ్యాటరీ పాజిటివ్ పోస్టుకూ 30 నంబరుకూ మధ్య అర వోల్టు లోపు ఉండాలి. వెంటనే మీటరును మోటారు బోల్టు తీగకు మార్చి, బ్యాటరీ నెగటివ్‌తో పోల్చి అక్కడెంత ఉందో కూడా రాసుకోండి. అసలు గుట్టు విప్పేది ఈ చివరి అంకే.

మూడు, నాలుగు కొలతలకు మోటారు కరెంటు లాగుతూ ఉండాలి. ఇంజన్ తిరిగి వెంటనే అందుకుంటుంటే ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి తిప్పండి, నాలుగైదు సెకన్లు చదవడానికి దొరుకుతాయి.

అంకెలు ఏం చెబుతున్నాయి

బ్యాటరీ దగ్గరే 9.6 కంటే కిందికి పోతే రెండు అవకాశాలు. బ్యాటరీ నీరసం కావచ్చు, మోటారు అతిగా లాగుతూ ఉండవచ్చు. ఇంకో బండి నుంచి జంపర్ వేసి చూడండి, హుషారుగా తిరిగితే మీ బ్యాటరీదే తప్పు. జంపర్ వేసినా ఈడిస్తే డీసీ క్లాంప్ మీటరుతో లావు కేబుల్ మీద కరెంటు చూడండి. చిన్న పెట్రోలు ఇంజన్ తిరిగేటప్పుడు సుమారు 80 నుంచి 150 ఆంపియర్లు తీసుకుంటుంది, డీజిల్ ఇంకా ఎక్కువ. కరెంటు ఎక్కువగా ఉండి నెమ్మదిగా తిరుగుతుంటే ఆర్మేచర్ రాసుకుంటోంది, లేదా ఇంజనే బిగుసుకుంది. కరెంటు తక్కువగా ఉండి నెమ్మదిగా తిరుగుతుంటే దారిలో ఎక్కడో నిరోధం ఉంది.

చప్పుడు లేకుండా 50 నంబరు దగ్గర సున్నా ఉంటే ఆజ్ఞ రావడం లేదు. స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), క్లచ్ పెడల్ స్విచ్, ఆటోమేటిక్‌లో పార్క్-న్యూట్రల్ స్విచ్, బటన్ స్టార్టులో బ్రేకు స్విచ్, ఇగ్నిషన్ స్విచ్, ఈ వరసలో వెనక్కి వెళ్లండి. రిలేను అదే నంబరున్న పక్క రిలేతో మార్చి చూడటం నిమిషం పని.

50 నంబరు దగ్గర 6, 7, 8 వోల్టులు కనబడితే దొంగ దొరికినట్టే. బ్యాటరీలో 12 ఉండి అక్కడ 7 ఉందంటే మిగతా అయిదూ స్విచ్‌లోనో కనెక్టర్లోనో వేడిగా మారి పోతున్నాయి. మాధవరంలో ఉండే మా పిన్ని కొడుకు పాత డీజిల్ బండిలో ఇదే జరిగింది. "అన్నయ్యా, తిరుపతి వెళ్లాలి, కొత్త మోటారు కొనేస్తాను" అని సిద్ధంగా ఉన్నాడు. వేడిమీద కొలిస్తే బ్యాటరీ 12.3, 50 నంబరు 7.1. తాళం వెనకున్న స్విచ్ కనెక్టరు విప్పితే ఒక పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, అంచు కరిగి ఉంది. మోటారు ముట్టుకోలేదు.

50 నంబరుకు నిండుగా 11, 12 వోల్టులు వస్తున్నా మోటారు తిరగకపోతే అప్పుడు మోటారు బోల్టు అంకె చూడాలి. ఇక్కడ కొంచెం నిదానంగా అర్థం చేసుకోండి. సొలినాయిడ్‌లో రెండు చుట్లుంటాయి. పట్టి ఉంచే చుట్టు నేరుగా బాడీకి ఎర్త్ అవుతుంది. లాగే చుట్టు మాత్రం మోటారు బోల్టు మీదుగా కార్బన్లు, ఆర్మేచర్ దాటి ఎర్త్ చేరుతుంది. అంటే కార్బన్లు తాకకపోతే లాగే చుట్టుకు దారే ఉండదు, సొలినాయిడ్ బాగున్నా 'టక్' అనదు. అప్పుడు కరెంటు పారక మోటారు బోల్టు దగ్గర దాదాపు పూర్తి బ్యాటరీ వోల్టేజి నిలబడుతుంది. కాబట్టి మోటారు బోల్టు దగ్గర 11, 12 ఉండి, మూడో కొలతలో ఎర్త్ కూడా బాగుండి, మోటారు కదలకపోతే చప్పుడు వచ్చినా రాకపోయినా లోపం మోటారు లోపలే: కార్బన్లు, కమ్యుటేటరు, ఆర్మేచర్. 'టక్' మన్నాక కూడా మోటారు బోల్టు దగ్గర ఒకటీ అరా వోల్టులే ఉంటే సొలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయి. చప్పుడూ లేక, అక్కడ సున్నా ఉంటే లాగే చుట్టు వేడికి తెగుతోంది, సొలినాయిడ్ మార్చాలి.

స్పానరుతో మోటారును చిన్నగా తడితే స్టార్టవుతుందని అందరూ చెబుతారు. అది కార్బన్ల వైపో కాంటాక్టుల వైపో వేలు చూపిస్తుందంతే, రెండింటిలో ఏదో చెప్పదు. పరీక్షగా సొలినాయిడ్ మీద నీళ్లు పోయడం మాత్రం వద్దు. పక్కనే కణకణలాడే పోత ఇనుప మేనిఫోల్డు ఉంటుంది, చన్నీళ్లు పడితే పగలొచ్చు.

బాగు చేయించడం

ఆజ్ఞ దారిలో వోల్టేజి పోతున్న పాత బండికి అదనపు రిలే మంచి మందు. 40 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే తీసుకోండి, పెద్ద డీజిల్ అయితే 70. తాళం నుంచి 50 నంబరుకు వచ్చే పాత తీగను విప్పి రిలే 86 నంబరు పిన్నుకు ఇవ్వండి. 85ను బాడీకి ఎర్త్ చేయండి. బ్యాటరీ పాజిటివ్ పక్కనే 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో రిలే 30కి తెచ్చి, 87 నుంచి అలాంటి తీగతోనే సొలినాయిడ్ 50కి వేయండి. ఇగ్నిషన్ స్విచ్ ఇక రిలేను లేపే చిన్న కరెంటు మోస్తే చాలు. కరిగిన కనెక్టరు మాత్రం విడిగా మార్చాల్సిందే. కంప్యూటరే సెల్ఫ్‌ను ఆడించే కొత్త కార్లలో తీగలు కోయకండి, వాటిలో రిలే ఫ్యూజు బాక్సులోనే ఉంటుంది.

మోటారు లోపల లోపమని తేలితే మొత్తం మార్చే ముందు ఓవర్‌హాల్ సంగతి అడగండి. చెన్నైలో ఆ సౌకర్యం ఉంది. 1961లో మొదలైన, సెల్ఫ్ మోటార్లు తయారుచేసే లూకాస్ టీవీఎస్ కంపెనీ ఫ్యాక్టరీ ఇక్కడి పాడిలోనే ఉంది, సెల్ఫ్ మోటార్ల విడిభాగాలకు జీపీ రోడ్డు ఉండనే ఉంది. పుదుపేటలో పాత మోటార్లు దొరుకుతాయి గానీ, వేడి జబ్బుకు పాత మోటారు కొనడం నాకు నచ్చదు, దానికీ అదే జబ్బు ఉందో లేదో కౌంటర్ మీద తెలియదు. ఆటో ఎలక్ట్రీషియన్‌తో కార్బన్లు, బుష్‌లు రెండూ మార్చమనండి, కమ్యుటేటరు లేతు మీద పట్టించమనండి, సొలినాయిడ్ కాంటాక్టులు విప్పి చూపించమనండి. పాత కార్బన్లు మీ చేతికివ్వమని అడగండి. కొత్తవాటితో పోల్చి సగానికి అరిగి ఉంటే కారణం కళ్లముందే ఉన్నట్టు.

మోటారు తీసినప్పుడే దాని మీది వేడి కవచం రేకు ఉందో లేదో చూడండి. సైలెన్సర్ పని చేసినవాళ్లు తుప్పు పట్టిందని పీకేసి ఉండొచ్చు. రేడియేటర్ ఫ్యాను సమయానికి తిరుగుతోందా అన్నదీ చూసుకోవాలి. ఫ్యాను మొరాయిస్తే మోటారుకు పడే వేడి ఇంకా పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ బండి అయితే ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో వేళచ్చేరి, పళ్లికరణై వైపు ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన మోటారులో కార్బన్ హోల్డర్లు, ప్లంజరు తుప్పు పట్టి, మామూలుగా నడుస్తూనే వేడికి బిగుసుకుంటాయి. మోటారు విప్పినప్పుడు లోపల సన్నటి బురద చారలుంటే కార్బన్లతో సరిపెట్టకండి, మోటారూ సొలినాయిడూ రెండూ మార్చండి, ఇంజన్ ఎర్త్ పట్టీ కూడా కొత్తది వేయించండి.

పని పూర్తయ్యాక కొలత తీగలు అప్పుడే పీకేయకండి. మళ్లీ అదే జీఎస్టీ రోడ్డు, అదే ఎండ, అదే ఇరవై నిమిషాలు. 50 నంబరు, ఎర్త్, పాజిటివ్ అంకెలు పాత చీటీ పక్కన రాయండి. షెడ్డులో చల్లటి బండి స్టార్టయిందని డబ్బులు పూర్తిగా చెల్లించేయకుండా, వేడి పరీక్ష చేశాకే మిగతాది ఇస్తానని ముందే మాట్లాడుకోండి. పనిమీద నమ్మకమున్న ఎలక్ట్రీషియన్ దానికి ఒప్పుకుంటాడు.

ఈలోగా దారిలో ఆగిపోతే

బానెట్ పూర్తిగా ఎత్తి, ముందుభాగాన్ని గాలి వచ్చే వైపుకు తిప్పి ఉంచండి. మాన్యువల్ గేరు బండి అయితే రెండో గేరులో తోసి స్టార్టు చేయవచ్చు, తాళం ఆన్‌లో ఉండాలి, స్టార్టయ్యేదాకా బ్రేకూ స్టీరింగూ బరువుగా ఉంటాయని గుర్తుంచుకుని మనుషుల్ని బండి ముందు నిలబడనివ్వకండి. ఆటోమేటిక్‌ను తోసి స్టార్టు చేయడం కుదరదు. హైవే మీద అయితే బండిని పూర్తిగా పక్కకు తెచ్చి, హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్ వెనక పెట్టాకే బానెట్ ఎత్తండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ బండిలో కూర్చోబెట్టకుండా రెయిలింగ్ అవతలికి పంపండి.